గద్దల కోసం బయల్దేరి గరుడ కోసం ఆగిపోయాం

మా ఇంట్లో కుట్టు మిషను ఉండవలసిన చోట ఒక కెమెరా ఉంది. ఈ ప్రయాణం ఎందుకు మొదలైందో చెప్పాలంటే అక్కడి నుంచే చెప్పాలి. మా వారు సూర్యాపేట బడిలో డ్రాయింగు మాస్టారు. పిల్లలకు మామిడికాయ, కూజా, ముక్కాలి పీట గీయడం నేర్పుతారు కానీ ఆయన ప్రాణమంతా గద్దల మీదే. చలి మొదలవగానే ఎక్కడో ఉత్తరాన మంచు దేశాల నుంచి పిల్లిగద్దలు, డేగలు బయల్దేరి, కొండలూ ఎడారులూ దాటి మన జొన్నచేల మీదికి వస్తాయి. ఎండలు ముదిరేలోగా తిరిగి వెళ్ళిపోతాయి. వాటిని ఫొటో తీయాలని ఆయన కోరిక. మూడు చలికాలాలు తీశారు. ప్రతి ఫొటోలోనూ బోలెడంత ఆకాశం, అందులో ఒక చుక్క. మా అన్న అయితే ఒక ఫొటోను వెలుగుకు పట్టుకుని చాలాసేపు చూసి, "ఫొటో మంచిగున్నది బావా, గద్ద ఎప్పుడొస్తది?" అని అడిగాడు.

ఆ మాట మా వారికి గుచ్చుకుంది. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, "ఈ చలికాలం నేను తీసిన ఫొటోలో గద్ద గద్దలెక్క కనబడకపోతే కెమెరా ఇచ్చేస్త. మాటంటే మాటే" అన్నారు. ఇస్తే పుచ్చుకోవడానికి మనిషి సిద్ధంగానే ఉన్నాడు. మా బజారులో ఫొటో స్టూడియో నడిపే ఆయనకు ఈ కెమెరా మీద ఎప్పటి నుంచో కన్ను. ఆయన భార్య దగ్గర ఒక కుట్టు మిషను ఊరికే పడి ఉంది. కెమెరా ఇస్తే మిషను ఇస్తామని వాళ్ళు నాతో ఎన్నిసార్లు అన్నారో. నేను ఇద్దరు పిల్లల చొక్కాలు, లాగులు, నా రవికలు చేత్తో కుట్టుకునే మనిషిని. మా వారు మాట ఇచ్చిన మర్నాడే కిటికీ పక్కన పెట్టె జరిపి మిషనుకు జాగా చేసి పెట్టుకున్నాను. కాబట్టి చదివేవారికి ముందే చెప్పేస్తున్నాను, ఈ ప్రయాణంలో మా వారికి ఒక్క ఫొటో కూడా సరిగ్గా రాకూడదని కోరుకుంటూనే నేను బస్సెక్కాను.

కోదాడ దగ్గరి చేలలో గద్దలు కుప్పలు తెప్పలుగా దిగుతున్నాయని ఎవరో మిర్చి వ్యాపారి చెప్పాడట. సాయంత్రానికి మిర్యాలగూడ ఇవతల, మూసీ దాటాక ఉన్న పెద్ద గడ్డి బీడులో పిల్లిగద్దలన్నీ నిద్రకు చేరుతాయని మా వారే రెండేళ్ళ క్రితం కనిపెట్టారు. పొద్దున కోదాడ, సాయంత్రం ఆ బీడు, రాత్రికి మిర్యాలగూడలో మా పుట్టిల్లు. పుట్టిల్లు అనగానే నేను సరే అన్నాను. పిల్లలను మా అత్తగారి దగ్గర వదిలాం. బడికి సెలవు కోసం మా వారు వాళ్ళ నాయనమ్మ పోయిందని రాసిచ్చారు. పాపం ఆవిడ అంతకు ముందు కూడా రెండుసార్లు పోయింది. హెడ్మాస్టరు గారు సంతకం పెడుతూ, "ఈసారైనా దినాలు పూర్తిగా చెయ్యండి" అన్నారట.

సూర్యాపేట నుంచి కోదాడకు తెల్లవారగానే మొదటి బస్సు. మైళ్ళు పాతికకు కాస్త ఎక్కువే. టిక్కెట్టు రూపాయి లోపే అవుతుంది. బస్సు బాగుంటే రెండు గంటల్లో చేరాలి. యుద్ధం అయిపోయి ఇన్నేళ్ళయినా ఈ బస్సు ఇంకా బొగ్గు మీదే నడుస్తోంది. వెనకాల పెద్ద పీపా, అందులో బొగ్గు, దాన్ని రాజేయడానికి ఒక తిప్పుడు చక్రం. బస్సు ఎప్పుడు కదులుతుందని డ్రైవరు ఖాసిం భాయిని అడిగాను.

"అది నా చేతుల లేదమ్మా, బొగ్గు చేతుల ఉన్నది. జర సబర్ చేయుండ్రి" అన్నాడు ఖాసిం భాయి. నా తెల్ల చీర చూసి కాస్త జాలిపడ్డట్టున్నాడు. "ముందల కూసోండ్రి. ఎనక కూసుంటే కోదాడల మీ ఇంటోళ్ళు గుర్తు పట్టరు."

మా వారు వెనక సీటే కావాలన్నారు. అక్కడైతే రెండు వైపులా ఆకాశం కనిపిస్తుందట. నేను ముందే కూర్చున్నాను. కోదాడలో దిగేసరికి నేను నేనుగానే ఉన్నాను. ఆయన కళ్ళు మాత్రం తెల్లగా ఉన్నాయి, మిగతాదంతా ఖాసిం భాయి చెప్పినట్టే అయింది. అయినా ఆయన ముఖం వెలిగిపోతోంది. దారిలో పదకొండు గద్దలు చూశారట. నేను నిద్రపోయాను కాబట్టి ఒక్కటీ చూడలేదు.

కోదాడలో బస్సు దిగిన చోటే ఒకావిడ రేకుల పందిరి కింద ఇడ్లీలు అమ్ముతుంది. ఇటు వెళ్ళేవారు తప్పకుండా అక్కడే తినండి, పల్లీల పచ్చడి బాగుంటుంది. అక్కడి మాట అప్పుడే ఆంధ్ర వైపు ఒంగుతుంది, డబ్బు కూడా అంతే, నైజాం హాలీ రూపాయి కంటే ఇండియా కల్దారు రూపాయికే గిరాకీ. "హాలీ అయినా పర్లేదమ్మా, కల్దారైతే ఇంకా మంచిది" అంది ఆవిడ నాతో. తర్వాత మా వారి వైపు చూసి, "ఏవిటమ్మా మీ ఆయన, పైకి చూత్తానే ఉన్నారు? దేవుడికి మొక్కుందా?" అని అడిగింది. ఆయన ఆకాశం చూస్తూ చేయి చాపి నా ఆకులో పచ్చడి అద్దుకుని తింటున్నారు. మొక్కే అనుకోమన్నాను.

నైజాం రాజ్యం పోయి యేడాది దాటినా ఊళ్ళలో పరిస్థితులు ఇంకా కుదుటపడలేదు. దారి పొడవునా మిలిటరీ క్యాంపులు, దుర్బీను మెడలో వేసుకుని తిరగవద్దని అందరూ చెప్పారు. మా వారు అదే మెడలో వేసుకున్నారు. ఇడ్లీలు అవకముందే ఒక సిపాయి వచ్చి హిందీలో ఏదో అడిగి దుర్బీను లాక్కున్నాడు. నేను ఆకు కింద పెట్టి లేచాను. మా వారు మాత్రం వచ్చీరాని హిందీలో గద్దల రెక్కల గురించి పాఠం మొదలుపెట్టారు. సిపాయి వింటూ వింటూ దుర్బీను కళ్ళకు పెట్టుకుని, రోడ్డవతల తమ క్యాంపు వైపు తిప్పాడు. అలా చూస్తూ ఉండిపోయాడు. క్యాంపు వంటవాడు చాయ్ కోసం కాచిన పాలను గ్లాసులో పోసుకుని తాగుతున్నాడట. సిపాయి దుర్బీను మా వారి చేతిలో పడేసి అటు పరుగెత్తాడు. మళ్ళీ మా జోలికి రాలేదు.

కోదాడ దాటి ఒక మైలు నడిస్తే జొన్నచేలు. అక్కడ నిజంగానే గద్దలు ఉన్నాయి. సన్నటి పొడుగు రెక్కలు, మగవి తెల్లటి బూడిద రంగు, రెక్కల కొసలు నల్లగా. కంకుల మీద బారెడు ఎత్తులో తేలుతూ వస్తాయి, మిడత కనపడితే దిగుతాయి. మా వారు చేను గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి, ఒకటి దగ్గరకు వచ్చేదాకా ఆగారు. అది వచ్చింది. ఇంతలో మంచె మీది రైతు వడిసెల తిప్పి రాయి విసిరాడు. గద్ద పోయింది, కెమెరా మాత్రం నొక్కుకుపోయింది. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే, ఏడోసారి దాకా అంతే.

మా వారు లేచి మంచె దగ్గరికి వెళ్ళి, "ఈ చేను నీదేనా పెద్దాయనా?" అని మర్యాదగా అడిగారు.

రైతు మంచె దిగి చేతులు కట్టుకున్నాడు. "నాది కాదు దొరా" అన్నాడు.

"మరి ఎవరిది?"

"ఏమో దొరా. నేను గిట్లనే పోతుంటే మంచె కనబడ్డది, ఎక్కిన."

పైనుంచి రైతు భార్య తొంగి చూసి, "పంట ఏం లేదు దొరా, సగం పిట్టలు తిన్నయ్, సగం పురుగు తిన్నది" అని అడగకుండానే చెప్పింది. చేను కళ్ళ ముందే ఏనుగు దూరేంత ఎత్తున ఊగుతోంది. అప్పుడు నాకు విషయం అర్థమైంది. మెడలో దుర్బీను, చేతిలో పెట్టె, గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని చేను కొలిచినట్టు చూడటం, ఇవన్నీ చూసి మా వారిని రైతుల దగ్గర సర్కారు వసూలు చేసే లెవీ ధాన్యానికి పంట అంచనా వేయడానికి వచ్చిన సర్కారు మనిషి అనుకున్నారు. నేను ఎంత చెప్పినా నమ్మలేదు. గద్దలను ఫొటో తీయడానికి సూర్యాపేట నుంచి వచ్చామంటే నమ్మేవాళ్ళు ఎవరు? మా వారు మాత్రం ఈ గద్దలు ఎలుకలనూ మిడతలనూ తింటాయనీ, వీటిని కొట్టవద్దనీ వివరంగా చెప్పారు. రైతు ప్రతి మాటకూ "గట్లనే దొరా" అంటూ మమ్మల్ని రోడ్డు దాకా సాగనంపి, ఒక జొన్న కంకి కూడా ఇవ్వకుండా వెనక్కి తిరిగాడు. మధ్యాహ్నం హుజూర్‌నగర్ మీదుగా వెళ్ళే బస్సెక్కేసరికి రీలులో ఒక్క ఫొటో మాత్రమే మిగిలింది. తీసినవన్నీ చుక్కలేనని ఆయన ముఖమే చెబుతోంది. నేను కిటికీ పక్కన మిషనును మనసులోనే ఇంకాస్త వెలుగులోకి జరిపాను.

ఆ బస్సు మూసీ ఒడ్డు దాకానే వస్తుంది. ఏరు బండి మీద దాటి, అక్కడి నుంచి అదే బండిలో మిర్యాలగూడ చేరాలి. ఒడ్డున కిరాయి బండ్లు రెండు మూడు ఎప్పుడూ ఉంటాయి. మేము వెళ్ళేసరికి ఒకే బండి ఉంది. అందులో అప్పటికే ఇద్దరు కూర్చుని ఉన్నారు, తల్లీ కొడుకూ. తల్లి పేరు రాజమ్మ, ఆత్మకూరు మనిషి, పెద్ద బొట్టు, పెద్ద గొంతు. కొడుకు కొత్త పంచె కట్టుకుని, తల నూనెతో నున్నగా దువ్వుకుని ఉన్నాడు. మిర్యాలగూడలో పిల్లను చూడటానికి పోతున్నారు. బండి తోలే యాదయ్య మమ్మల్ని కూడా ఎక్కమన్నాడు. ఇంకా మధ్యాహ్నం మూడే. మూసీ దాటి రెండు మైళ్ళు పోతే బీడు వస్తుంది. వెలుగుండగానే చేరుతామని మా వారి ప్రాణం లేచి వచ్చింది. మేము ఎక్కి కూర్చున్నాం. బండి కదలలేదు.

"ఏమైంది?" అని అడిగాను.

"గరుడ కనబడాలె" అంది రాజమ్మ. "మొదటి సంబంధానికి పోయినప్పుడు ఎదురుంగ తుమ్మిండ్రు, చెడిపోయింది. రెండోసారి కట్టెల మోపు ఎదురొచ్చింది, గదీ చెడిపోయింది. ఇగ మూడోసారి గరుడ దర్శనం కానిదే నేను ఏట్ల అడుగు పెట్టను."

యాదయ్య ఎడ్లను ఎప్పుడో విప్పేసి ఒడ్డున గడ్డి మేపుతున్నాడు. పొద్దుటి నుంచీ ఇంతేనట. కొడుకు బండి చక్రం వైపు చూస్తూ నిట్టూర్చాడు. సరిగ్గా అప్పుడే ఒక తెల్ల గద్ద ఏటి మీద నుంచి తేలుతూ వచ్చి బండి ముందు నుంచి పోయింది. రాజమ్మ చటుక్కున లేచి లెంపలేసుకుని, రెండు చేతులూ జోడించింది. "తెల్ల గరుడ. నా తండ్రి వచ్చిండు. యాదయ్యా, ఎడ్లు కట్టు" అంది.

యాదయ్య ఎడ్ల దగ్గరికి వెళ్ళాడు. కొడుకు ముఖంలో నవ్వు వచ్చింది. నేను కాళ్ళు సర్దుకున్నాను. మా వారు గొంతు సవరించుకున్నారు.

"అది గరుడ కాదమ్మా. గరుడకు వీపు కావి రంగుంటది, మెడ తెల్లగుంటది. ఇది పిల్లిగద్ద."

రాజమ్మ దండం పెట్టిన చేతులు అలాగే ఉంచి ఆయన వైపు తిరిగింది. "ఎంత తెల్లగున్నది సారూ. దేవునిది కాకపోతే ఎవలది?"

"ఇది మన దేశం పక్షే కాదు. ఉత్తరాన మంచు దేశాల నుంచి వచ్చింది. ఫాల్గుణంలో పోతది."

రాజమ్మ చేతులు దించేసింది. "పరాయి దేశందా? మన పెండ్లిళ్ళ సంగతి దానికేం తెలుసు? యాదయ్యా, ఎడ్లను ఇడిశిపెట్టు."

కొడుకు బండి దిగి నా దగ్గరికి వచ్చాడు. "అక్కా, జర సారుకు నువ్వన్న చెప్పు. గరుడే అని ఒక్క మాట అంటే పోతం. పిల్ల తరపోళ్ళు పొద్దుగాల నుంచి ఎదురు సూస్తున్నరు. మూడో సంబంధమిది" అన్నాడు. మెడకు చుట్టుకున్న కొత్త తువ్వాలు నలుపుతున్నాడు. పాపం అనిపించింది. నేను మా వారిని పక్కకు పిలిచాను.

"ఒక్క అబద్ధం చెప్పుండ్రి. మీకూ మంచిదే, లేకపోతే మీ బీడు దగ్గరికి చీకటి పడ్డంక పోతం."

"పక్షి విషయంల చెప్పలేను" అన్నారు.

"నాయనమ్మను మూడుసార్లు చంపిండ్రు కదా."

"నాయనమ్మ పక్షి కాదు" అన్నారు. అని, చాలా బాధగా పడమటి వైపు చూశారు. సూర్యుడు దిగుతున్నాడు. ఆ ఒక్క మాట అంటే ఆయన కెమెరా ఆయనకు దక్కే అవకాశం ఉంది, అనకపోతే లేదు. ఆయనకు అది తెలుసు. నాకు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. ఇలాంటి మనిషితో కాపురం చేస్తున్నందుకు కొంచెం గర్వం కూడా వచ్చింది, అది మాత్రం ఆయనకు చెప్పలేదు.

చివరికి మా వారే ఒక దారి కనిపెట్టారు. గరుడ నీళ్ళ దగ్గరే తిరుగుతుంది కాబట్టి ఏటి వెంట వెతికి అసలు గరుడనే చూపిస్తానన్నారు. ఇసుక పడుతుందని కెమెరా నా ఒళ్ళో పెట్టారు. "ఏం ముట్టకు. అన్నీ పెట్టి ఉంచిన, నొక్కుడే తక్కువ" అని చెప్పి, దుర్బీను కళ్ళకు పెట్టుకుని ఇసుకలో దిగి, ఒడ్డు వెంట పోయి ఆగారు. మాకు వీపు పెట్టి, అవతలి ఒడ్డు తాళ్ళ వైపు చూస్తూ నిలబడ్డారు.

నేను బండి అంచున కూర్చున్నాను. ఎదురుగా యాదయ్య ఎడ్లు ఎండు గడ్డిలో మేస్తూ మెల్లగా నడుస్తున్నాయి. వాటి కాళ్ళ కింది నుంచి మిడతలు చిటపటా లేస్తున్నాయి. అప్పుడు ఇందాకటి తెల్ల గద్దే మళ్ళీ వచ్చింది. ఎడ్ల వెనకాల, వాటి వీపుల ఎత్తులో, రెక్కలు చాపి, అటూ ఇటూ ఒరుగుతూ నేరుగా నా వైపు వస్తోంది. నేను గద్దను అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. దాని ముఖం గుండ్రంగా ఉంది, కన్ను పచ్చగా ఉంది, ఆ కన్ను నన్ను చూసింది. ఎంత దూరం నుంచి వచ్చావే తల్లీ అనిపించింది.

కెమెరా పైనున్న చిన్న అద్దంలోకి తొంగి చూశాను. అందులో గద్ద ఉంది, అద్దం నిండా ఉంది. నా బొటనవేలు మీట మీద ఉంది. మీకు ముందే చెప్పాను కదా, నాకు కావలసింది మిషను. నొక్కకపోతే చాలు. ఎవరికీ తెలియదు, ఎవరూ అడగరు. పిల్లల చొక్కాలు గుర్తొచ్చాయి, రాత్రిళ్ళు దీపం దగ్గర కళ్ళు లాగేసే కుట్టు గుర్తొచ్చింది. వీపు పెట్టి నిలబడ్డ మా వారు కూడా అద్దంలో ఒక మూల కనిపించారు. నొక్కాను. ఎందుకు నొక్కావే అని నన్ను నేనే తిట్టుకున్నాను. గద్ద నా తల మీదుగా పోయింది. దాని రెక్కల గాలి నిజంగా నా ముఖానికి తగిలింది.

"సారూ, అటు కాదు, ఇటు" అని యాదయ్య కేక వేసేసరికి అంతా అయిపోయింది. మా వారు అప్పుడే చెయ్యెత్తి అవతలి ఒడ్డు చూపిస్తున్నారు. తాటిచెట్టు మీద గరుడ, అసలు గరుడే, కావి రంగు వీపు, తెల్ల మెడ. కూర్చుని ఉంది.

"కూసుంటే లెక్కకు రాదు, ఎగరాలె" అంది రాజమ్మ. కొడుకు, యాదయ్య, మా వారు ముగ్గురూ కలిసి చప్పట్లు కొట్టారు. ఎగిరింది. కానీ కుడి నుంచి ఎడమకు ఎగిరింది. ఎడమ నుంచి కుడికి పోతేనే శుభమట. కొడుకు ఇసుకలో కూలబడ్డాడు. రాజమ్మ మాత్రం ఏమీ తొణకలేదు. బండి దిగి గబగబా వెనక్కి తిరిగి నిలబడి, "నన్ను చూసి అందరూ ఇట్ల తిరుగుండ్రి" అంది. అందరం ఏటికి వీపు పెట్టి నిలబడి, మెడలు మాత్రం వెనక్కి తిప్పి చూశాం. గరుడ అప్పుడు ఎడమ నుంచి కుడికే పోతోంది. రాజమ్మ లెంపలేసుకుంది, మేమూ వేసుకున్నాం. పక్షి గరుడే కాబట్టి మా వారు కూడా ఏమీ అనలేదు.

ఏరు దాటి బీడు దగ్గరికి వచ్చేసరికి సూర్యుడు మునిగాడు. వెలుగు ఫొటోకు చాలదు. బండి ఆపమని మా వారు నెమ్మదిగా అడిగారు. కెమెరా వైపు చూడకుండా, "అయిపోయింది. ఒక్కటి మిగిలింది కానీ వెలుగు లేదు" అన్నారు. ఆ ఒక్కటి కూడా మిగల్లేదని అప్పుడు చెప్పాను. ఎడ్ల సంగతి, గద్ద సంగతి, అద్దం సంగతి అన్నీ చెప్పాను. ఆయన నన్ను చూసి, "ఎంత దూరంల?" అని మాత్రం అడిగారు. రాజమ్మ ముక్కు ఉన్నంత దూరంలో అన్నాను.

అప్పుడే గద్దలు రావడం మొదలైంది. నాలుగు దిక్కుల నుంచీ, చప్పుడు లేకుండా, ఒకటి, మూడు, పది, తర్వాత లెక్కపెట్టలేదు. బీడు మీద మెల్లగా చుట్లు తిరిగి ఒక్కొక్కటే గడ్డిలోకి దిగి మాయమయ్యాయి. రాజమ్మ కూడా బండి దిగి వచ్చి చూసింది. మా వారు మూడేళ్ళుగా దేని కోసం తిరుగుతున్నారో నాకు ఆ పూటే తెలిసింది. ఇన్నాళ్ళూ ఆయనతో ఒక్కసారి కూడా రానందుకు బాధేసింది. కాసేపటికి రాజమ్మ గుసగుసగా, "ఇన్ని గద్దలు కనబడితే ఏం ఫలం సారూ?" అని అడిగింది. "ఫలం ఏం లేదమ్మా, వాటికి నిద్రొచ్చింది" అన్నారు మా వారు.

ఆ సంబంధం కుదిరిందని తర్వాత తెలిసింది. గరుడ మహిమ అని రాజమ్మ ఊరంతా చెప్పుకుందట. పొద్దుపోయి చేరినందువల్ల పిల్ల వాళ్ళకు కట్నకానుకల మాటలు పెంచడానికి సమయం చిక్కలేదని కొడుకు అంటాడట. ఇద్దరి మాటా నిజమే అయి ఉంటుంది.

సూర్యాపేట వచ్చాక రీలు కడగడానికి స్టూడియోకు ఇచ్చాం. నాలుగో రోజు స్టూడియో ఆయనే ఫొటోలు పట్టుకుని ఇంటికి వచ్చాడు. ఏడు ఫొటోల్లో చుక్కలు. ఎనిమిదో దాంట్లో గద్ద. రెక్క కొస నుంచి రెక్క కొస దాకా కాగితం నిండా ఉంది, కంట్లో వెలుగు కూడా పడింది. దాని వెనకాల దూరంగా ఇసుకలో ఒక మనిషి, మెడలో సంచీ, కళ్ళకు దుర్బీను, ఇటు వీపు పెట్టి లోకంలో ఇంకెక్కడా గద్ద లేనట్టు అటు చూస్తున్నాడు. నాకు నవ్వు ఆగలేదు. స్టూడియో ఆయన కూడా నవ్వాడు. మా వారు నవ్వలేదు. ఫొటోను చాలాసేపు చూసి, "మగది" అన్నారు. తర్వాత లేచి, కెమెరాను దాని తోలు సంచీతో సహా తెచ్చి నా ఒళ్ళో పెట్టారు.

"నేను తీస్తెనే ఉంచుకుంటనన్న. ఇది నేను తీయలేదు. ఇగ ఇది నీది. మిషనుకు మార్చుకో."

"ఎవలు నొక్కితే ఏంది? గద్ద వచ్చింది కదా" అన్నాను.

"పక్షి విషయంల అబద్ధం చెప్పలేను" అన్నారు. అని, పిల్లల డ్రాయింగు కాగితాలు ముందేసుకుని దిద్దడం మొదలుపెట్టారు. ఒక కూజాకు రెండుసార్లు మార్కులు వేశారు.

మర్నాడు నేను కెమెరా పట్టుకుని స్టూడియోకు వెళ్ళాను. వాళ్ళావిడ మిషను తుడిచి, నూనె వేసి, దాని మీద అల్లిన గుడ్డ కప్పి ఉంచింది. చక్రం తిప్పి చూశాను. చప్పుడే లేదు, సూది వెన్నలో దిగినట్టు దిగుతోంది. చాలాసేపు తిప్పాను. తర్వాత చక్రం మీద నుంచి చేయి తీసి, "ఒక రీలు ఇయ్యుండ్రి" అని అడిగాను. స్టూడియో ఆయన నా వైపు చూసి, "మాస్టారుకు ఒక్కరికే అనుకున్న, ఇద్దరికీ పట్టిందన్నమాట" అన్నాడు.

ఇప్పుడు ఆదివారాలు నా భుజాన కెమెరా, ఆయన చేతిలో మంచినీళ్ళ చెంబు. నేను తీసినవాటిలోనూ చుక్కలే ఎక్కువ. రాత్రి దీపం ముందు రవిక కుడుతూ వేలికి సూది గుచ్చుకున్నప్పుడల్లా ఆ తెల్ల గద్దను తిట్టుకుంటాను, తిట్టుకుంటూనే అది ఈ పూట ఎక్కడ పడుకుందో అనుకుంటాను. ఫాల్గుణం వస్తే అవి వెళ్ళిపోతాయి, మళ్ళీ ఆశ్వయుజం దాకా చేలు బోసిగా ఉంటాయి. అంత దూరం పోయి రావడానికి వాటికి ఎవరి శకునమూ అక్కర్లేదు. ఈ దారిన వెళ్ళాలనుకునేవారికి నా సలహా ఒకటే. కెమెరా పట్టుకున్నవారు ఆకాశంలో వెతకవద్దు. ఎడ్లు మేసే చోట, ఎండ వీపుకు తగిలేలా కూర్చోండి, వాటి కాళ్ళ దగ్గర లేచే మిడతల కోసం గద్దే మీ దగ్గరికి వస్తుంది. ఆకాశం చూసే పని మీ ఇంటాయనకు అప్పగించండి.